పాతికేళ్ళ మాల్ట్‌కి ఒక అరగంట ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

2025 జూలై 24న భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు అయినప్పటి నుంచి పత్రికల్లో స్కాచ్ గురించి వచ్చే రాతలన్నీ ధర చుట్టూనే తిరుగుతున్నాయి. దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగాలన్నది ఒప్పందం. దాని మీద రాష్ట్రాల పన్నులు ఎలాగూ ఉంటాయి. ఈ సమాచారం అవసరమే. కానీ సీసా ఇంటికొచ్చాక దాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. విదేశం నుంచి దిగిన అల్లుడో తమ్ముడో తెచ్చిన పద్దెనిమిదేళ్ళ, పాతికేళ్ళ సింగిల్ మాల్ట్‌ని (ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీ నుంచి దించిన విస్కీని) గ్లాసు నిండా ఐసు వేసి, పైన సోడా పోసి, కారం దట్టించిన చికెన్ పకోడీ నంజుకుంటూ పావుగంటలో ముగించేస్తున్నారు. ఎవరి ఇష్టం వాళ్ళది. అయితే అలా తాగినప్పుడు దానికీ మామూలు బ్లెండెడ్ స్కాచ్‌కీ (మాల్ట్‌లో ఇతర ధాన్యాల విస్కీ కలిపినదానికీ) తేడా తెలిసే వీల్లేదు. తేడా అంతా వాసనలో ఉంటుంది, ఆ వాసనని ఐసు ముందే నొక్కేస్తుంది. తాగే అలవాటున్నవాళ్ళు తక్కువ పోసుకుని ఎక్కువ రుచి తెలుసుకునే పద్ధతి ఒకటుంది. అది పది మందికీ తెలియాలనే ఈ ఉత్తరం.

గాల్లో మాట్లాడకుండా ఒక సీసాని పట్టుకుని చెబుతాను. గ్లెన్‌ఫార్క్లాస్ 25 ఏళ్ళది, 43 శాతం ఆల్కహాలు. స్కాట్లండ్‌లోని స్పేసైడ్‌లో బెన్ రిన్నెస్ కొండ పాదాన ఉంది ఈ డిస్టిలరీ. 1836లో లైసెన్సు వచ్చింది, 1865లో జాన్ గ్రాంట్ కొన్నాడు, ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. దీన్నే ఎంచుకోవడానికి కారణముంది. ఇక్కడ రాగి బట్టీలని కింద నుంచి నేరుగా మంట పెట్టి కాస్తారు. చాలాచోట్ల లోపల ఆవిరి గొట్టాలతో వేడి చేసే పద్ధతి వచ్చేసింది. అది చౌక, అదుపు చేయడమూ తేలిక. గ్లెన్‌ఫార్క్లాస్ వాళ్ళు కూడా 1980ల మొదట్లో ఒక బట్టీకి ఆవిరి పెట్టి చూశారు. దిగిన సరుకు రుచిలో బరువు తగ్గిందని తీసేసి మళ్ళీ మంటకే వచ్చారు. నేరు మంటతో అడుగంటే ప్రమాదం ఉంటుంది గనక పులిసిన ద్రవాన్ని మొదటిసారి కాచే తొలి బట్టీ లోపల రాగి గొలుసులు తిరుగుతూ అడుగుని గీకుతుంటాయి. ఆ కాస్త మాడు, ఆ బరువు ఉండబట్టే పాతికేళ్ళు చెక్క పీపాలో ఉన్నా స్పిరిట్ (బట్టీ నుంచి దిగిన మద్యం) చెక్కకి లొంగిపోకుండా నిలబడుతుంది. పలచటి స్పిరిట్‌ని అంతకాలం పీపాలో ఉంచితే చివరికి చెక్క వగరు తప్ప ఏమీ మిగలదు.

ఇక లేబుల్ మీది 25 అన్న అంకె సంగతి. సీసాలో కలిపిన పీపాలన్నిటిలోకీ అన్నిటికంటే చిన్నదాని వయసు అది. ముప్పై ఏళ్ళ పీపా కూడా కలిసి ఉండొచ్చు, ఇరవై నాలుగేళ్ళది మాత్రం ఒక్క చుక్క కూడా కలవకూడదు. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ఈ విషయంలో గట్టివి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లండ్ గడ్డ మీదే, కనీసం మూడేళ్ళు ఉండాలి. సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళు, రంగు కోసం మామూలు కారమెల్ తప్ప మరేదీ కలపకూడదు. సింగిల్ మాల్ట్ అనాలంటే మొలకెత్తించిన బార్లీ మాత్రమే వాడి, ఒకే డిస్టిలరీలో, రాగి కుండ బట్టీల్లో విడతలవారీగా దించాలి. 2012 నవంబరు నుంచి సింగిల్ మాల్ట్‌ని స్కాట్లండ్ లోపలే సీసాల్లో నింపాలి, పీపాలతో బయటికి పంపకూడదు. అందుకే ‘స్కాచ్ సింగిల్ మాల్ట్, బాటిల్డ్ ఇన్ ఇండియా’ అని ఎక్కడైనా కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు, అది తప్పుడు సరుకు. మన దేశానికి వచ్చే కొన్ని సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అది పాత బ్రిటిష్ కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్, నకిలీ అని కంగారు పడనక్కర్లేదు.

వయసు పెరిగిన కొద్దీ రుచి పెరుగుతుందన్న నమ్మకం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. అది సగమే నిజం. పీపాలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది, కొత్త స్పిరిట్‌లో ఉండే ఉడికిన క్యాబేజీ లాంటి గంధకపు వాసనలు క్రమంగా పోతాయి. రెండోది, చెక్క తన సరుకు ఇస్తుంది. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం నుంచి వనిల్లా వాసననిచ్చే వనిల్లిన్, చెక్కని కాల్చినప్పుడు కరిగిన చక్కెరల నుంచి పాకం వాసన, యూజినాల్ నుంచి లవంగం, అమెరికన్ ఓక్ అయితే లాక్టోన్ల నుంచి కొబ్బరి, యూరోపియన్ ఓక్ అయితే టానిన్ల వగరు. మూడోది, పీపా లోపలికి పీల్చుకున్న గాలితో ఇవన్నీ కలిసి కొత్త వాసనలు పుడతాయి. మొదటి రెండు పనులూ పదీ పన్నెండేళ్ళలో చాలావరకు అయిపోతాయి. మూడోదానికే దీర్ఘకాలం కావాలి. పాత మాల్ట్‌కి మనం ఇచ్చే డబ్బు ఈ మూడో పనికి. పీపా నాసిరకమైతే ఆ కాలమంతా దండగ. అలసిపోయిన పీపాలో పాతికేళ్ళు ఉన్నదానికంటే మంచి పీపాలో పదిహేనేళ్ళు ఉన్నదే గొప్పగా ఉండటం తరచూ చూసేదే.

కాలంతో పాటు సరుకూ తరిగిపోతుంది. స్కాట్లండ్ చలిలో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరవుతుంది. 500 లీటర్ల షెర్రీ పీపా (షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపా) నింపితే పాతికేళ్ళకి దాదాపు 300 లీటర్లు మిగులుతుంది. బెంగళూరు ఎండకి ఏడాదికి 10 శాతం పైనే పోతుంది. 10 శాతం లెక్క వేసుకున్నా పాతికేళ్ళకి అదే పీపాలో మిగిలేది 36 లీటర్లు. మన దేశపు సింగిల్ మాల్ట్‌లు ఐదారేళ్ళకే సీసా ఎక్కేస్తాయంటే కారణం ఇదే, తొందర కాదు. స్కాట్లండ్ తేమ గాలికి నీటి కంటే ఆల్కహాలు ఎక్కువ పోతుంది కాబట్టి పీపాలోని ఘాటు కూడా ఏటా కొంత దిగుతుంది. పాత పీపా 40 శాతానికి కిందకి జారితే ఇక దాన్ని స్కాచ్ అనడానికి చట్టం ఒప్పుకోదు. ముసలి పీపాలని పదే పదే కొలిచి చూసుకోవడం అక్కడ గోదాముల్లో మామూలు పని.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. అడుగున బొజ్జ, పైన మూతి సన్నగా ఉన్న గ్లాసు కావాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకోసమే చేసింది. లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. మనం మామూలుగా వాడే నిలువు గ్లాసులో వాసన నిలవదు. గ్లాసుని వేడినీళ్ళతో కడిగి, తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి. వంటింటి గుడ్డతో తుడిస్తే గ్లాసుకి నీచు పడుతుంది. పోసేముందు ఖాళీ గ్లాసుని ఒకసారి వాసన చూడండి. సబ్బు, నీచు, అల్మరాలోని కలరా ఉండల వాసన – వీటిలో ఏది తగిలినా మళ్ళీ కడగాల్సిందే. గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, మల్లెపూలు, పక్కగదిలో పోపు ఏవీ ఉండకూడదు. ఒంటికి సెంటు రాసుకుని కూర్చుంటే పక్కవాడి గ్లాసు కూడా పాడవుతుంది.

భోజనానికి ముందే రుచి చూడాలి. ఆవకాయో గోంగూరో తిన్న నాలుక మీద 43 శాతం ఆల్కహాలు రెట్టింపు మండుతుంది. కారం మంట, ఆల్కహాలు మంట రెండూ నోట్లో ఒకే నరం ద్వారా తెలిసేవి. కనీసం గంటన్నర ముందు నుంచి కారం, వక్కపొడి, సిగరెట్టు, కాఫీ మానుకోవాలి. నోరు శుభ్రపడటానికి చప్పటి రొట్టె ముక్క, మంచినీళ్ళు చాలు.

వేడి విషయంలో మన ఊళ్ళకి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. విస్కీని గది వేడిలో తాగాలని స్కాట్లండ్ వాళ్ళు రాస్తారు. వాళ్ళ గది వేడి 18, 20 డిగ్రీలు. మే నెలలో మన గది 35 దాటి ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాలే ముందుగా ఎగిసి ముక్కుని మొద్దుబారుస్తుంది, వెనక ఉన్నవేవీ తెలియవు. అలాగని ఐసు వేస్తే సుగంధాలు ఎగరడమే మానేస్తాయి, పైగా ఎంత నీరు కలుస్తోందో లెక్క ఉండదు. ఫ్రీజరులో పెట్టి వేసే స్టీలు ముక్కలు, రాళ్ళు నీళ్ళు కలపవు గానీ చల్లదనంతో అదే నష్టం చేస్తాయి. పోసిన గ్లాసుని మూత పెట్టి చన్నీళ్ళ గిన్నెలో ఐదారు నిమిషాలు నిలబెట్టడమో, గదిని ఏసీతో 22, 23 డిగ్రీలకి తేవడమో మేలు.

20 మి.లీ. పోయండి, అంతకంటే వద్దు. అంటే మన బార్ల స్మాల్ పెగ్గులో మూడింట రెండొంతులు. రంగు చూసి వయసు చెప్పేయకండి. నిబంధనల ప్రకారం కారమెల్ కలిపి ఏ రంగైనా తేవచ్చు. గ్లెన్‌ఫార్క్లాస్ కలపదు, దాని రంగంతా షెర్రీ పీపాది. కలిపే కంపెనీలు జర్మనీలో అమ్మే సీసా మీద ఆ మాట రాయాలి, మన దగ్గర అమ్మే సీసాల మీద చాలాసార్లు అది కనబడదు. గ్లాసు గోడల మీద నెమ్మదిగా జారే ధారలు చూసి మురిసిపోవడమూ అనవసరం. అవి ఆల్కహాలు, చిక్కదనం గురించి చెబుతాయే గానీ నాణ్యత గురించి కాదు.

పోశాక వెంటనే ముక్కు దూర్చకూడదు. మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి. వైన్‌లా గిరగిరా తిప్పొద్దు, అలా తిప్పితే ఆల్కహాలే పైకి లేస్తుంది. ముక్కుని గ్లాసు అంచుకి అంగుళం దూరంలో పెట్టి, నోరు కొద్దిగా తెరిచి, చిన్నగా పీల్చండి. చురుక్కుమంటే దూరం జరగండి. ఒక్క పెద్ద పీల్పుతో ముక్కు మొద్దుబారిందంటే రెండు మూడు నిమిషాలు ఏమీ తెలియదు. కుడి ముక్కు రంధ్రంతో, ఎడమ రంధ్రంతో విడివిడిగా చూడండి, రెండింటికీ ఒకేలా అందదు.

గ్లెన్‌ఫార్క్లాస్ 25లో మొదట తగిలేది షెర్రీ పీపా పండ్ల గుణం: ఎండుద్రాక్ష, ఎండు ఖర్జూరం, వాటి వెనక నారింజ తొక్క. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగి ‘బాగుంది’ అని తాగేస్తారు. ఆగకండి. పది నిమిషాలకి తేనె, అప్పుడే పట్టిన కాఫీ పొడి వస్తాయి. పదిహేను నిమిషాలు దాటాక వేయించిన బాదం, లవంగం, మైనం, పాత భోషాణం తెరిచినప్పటి చెక్క వాసన. అన్నిటికీ అడుగున పలచటి పొగ. బార్లీని ఆరబెట్టడానికి కాల్చిన కాస్త పీట్ (బొగ్గులా మండే చిత్తడి నేల మట్టి) తాలూకు పొగ అది. పొగ వాసనకి పేరుపడ్డ స్కాట్లండ్‌లోని ఐలా దీవి మాల్ట్‌లలో లాగా ముందుకొచ్చి మీద పడదు. ఈ వరుస కోసమే అరగంట కావాలన్నాను. తేలికగా ఎగిరే ఎస్టర్లు (పండ్ల వాసననిచ్చే పదార్థాలు) ముందు పోతాయి, బరువైనవి తరవాత లేస్తాయి. పీపాలో ఒక్కో ఏడాదికి గ్లాసులో ఒక్కో నిమిషం అని రుచి చూసేవాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు. పాత మాల్ట్‌కి అది చక్కగా సరిపోతుంది.

మొదటి చుక్క నోటిని సిద్ధం చేయడానికే. దాన్ని బట్టి ఏ తీర్పూ చెప్పకూడదు. రెండోసారి ఒక చిన్న గుక్క, 3 మి.లీ. చాలు, నాలుక మీద, నాలుక కింద, చిగుళ్ళ పక్కన పది పదిహేను సెకన్లు తిప్పి మింగండి. వెంటనే నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. సగం రుచి ఆ వదిలిన గాలిలోనే తెలుస్తుంది. గ్లెన్‌ఫార్క్లాస్ ముందు తియ్యగా, నడుమ కాఫీ చేదుగా, చివర వగరుగా ఉంటుంది. ఆ వగరు వక్క నమిలినంత దగ్గర ఆగాలి. చిగుళ్ళు పట్టేసి నోరు పీక్కుపోతే పీపా మరీ ఎక్కువ పనిచేసిందని అర్థం. వయసు మీద మోజుతో అమ్మే కొన్ని ముసలి మాల్ట్‌లలో ఈ జబ్బు ఉంటుంది.

ఆ తరవాతే నీళ్ళు. బోరు నీళ్ళలో ఉప్పు, మునిసిపల్ కుళాయి నీళ్ళలో క్లోరిన్ రెండూ చెడగొడతాయి, ప్యాకేజీ నీళ్ళు మేలు. మందుల షాపులో దొరికే డ్రాపరు దగ్గర పెట్టుకోండి. 20 మి.లీ. గ్లెన్‌ఫార్క్లాస్ 25లో అర టీస్పూను కలిపితే 38 శాతానికి, ఒక టీస్పూను కలిపితే 34 చిల్లరకి దిగుతుంది. అంతకు మించితే ఇంత పాత మాల్ట్ నీరుగారిపోతుంది. పీపా ఘాటుతోనే నింపే 60 శాతం సీసాలైతే లెక్క వేరు. గ్లెన్‌ఫార్క్లాస్ 105 అలాంటిదే, 20 మి.లీ.కి ఏడు మి.లీ. నీళ్ళు పోసినా ఇంకా 44 దగ్గర ఉంటుంది. బ్లెండింగు చేసేవాళ్ళయితే 20 శాతానికి దించి వాసన చూస్తారు. అది లోపాలు పట్టుకోవడానికి, తాగడానికి కాదు. నీళ్ళు పడగానే వాసన ఎందుకు విచ్చుకుంటుందన్నదానికి 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు కంప్యూటరు లెక్కలతో ఒక వివరణ ఇచ్చారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు 45 శాతం దాకా ఉన్న ద్రవంలో ఉపరితలానికి చేరతాయి, 59 శాతం పైన ఆల్కహాలు వాటిని చుట్టేసి లోపలికి లాగేస్తుంది. నీళ్ళు పోయగానే ద్రవం మసకబారినా, చలికి మబ్బు పట్టినా భయపడకండి. చల్లబరిచి వడకట్టని విస్కీల్లో కొవ్వు ఎస్టర్లు అలా విడిపోతాయి. 46 శాతానికి దిగువన అది సహజం, రుచికి ఏ నష్టమూ లేదు.

చెడిపోయిన సరుకు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. షెర్రీ పీపాల్లో సూక్ష్మక్రిములు పట్టకుండా గంధకం వెలిగించే అలవాటుంది. అది మిగిలితే అగ్గిపుల్ల గీసిన వాసన, ఎక్కువైతే కాలిన రబ్బరు. అరగంట వదిలినా పోకపోతే ఇక పోదు. తడిసిన అట్టపెట్టె వాసన కార్కు దోషం.

దాచేటప్పుడు సీసాని నిలబెట్టాలి. వైన్‌లా పడుకోబెడితే ఘాటు ఆల్కహాలు కార్కుని తినేస్తుంది. హాల్లో షోకేసు లైట్ల కింద, ఫ్రిజ్ మీద పెట్టొద్దు. ఎండాకాలం వేడికి ద్రవం వ్యాకోచించి కార్కుని నెడుతుంది. బీరువా కింది అర మంచి చోటు. పాత కార్కు విరిగితే టీ జాలీ మీద కాఫీ ఫిల్టరు కాగితం వేసి శుభ్రమైన సీసాలోకి వంచి, వేరే కార్కు బిగించండి. సీసాలో వయసు పెరగదు. 1995లో కొన్న పన్నెండేళ్ళది ఈనాటికీ పన్నెండేళ్ళదే. తెరిచాక సగానికి దిగితే చిన్న సీసాలోకి మార్చి, ఐదారు నెలల్లో ముగించడం మంచిది. ఎవరికో చూపించడానికి అడుగున రెండంగుళాలు ఏళ్ళ తరబడి ఉంచితే మిగిలేది రంగు నీళ్ళే.

కొనేటప్పుడు చేతులు మారిన సీసాలతో జాగ్రత్త. ఖాళీ సీసాలు కొని తిరిగి నింపే వ్యాపారం అన్ని దేశాల్లోనూ ఉంది. 2017లో స్విట్జర్లండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్లో 1878 నాటి మకాలన్ సింగిల్ మాల్ట్ అని చెప్పిన సీసా నుంచి 2 సెంటీలీటర్లు 9,999 స్విస్ ఫ్రాంకులకి అమ్మారు. పరీక్ష చేయిస్తే అది 1970–72 నడుమ తయారైన బ్లెండెడ్ అని తేలింది. హోటలు డబ్బు తిరిగిచ్చేసింది. అలాంటి పరీక్ష మనకి అందదు గానీ కంటితో చూసేవి కొన్నున్నాయి. సీల్ చెదరకూడదు, తెరవని సీసాలో ద్రవం మెడ దాకా ఉండాలి, గాజు మీద లాట్ నంబరు ఉండాలి, గీకేసి ఉంటే వదిలేయండి. లేబుల్ మీద ‘ఏళ్ళు’ అన్న మాట లేకుండా ఉత్త అంకె పెద్దగా ఉంటే అది వయసు కాకపోవచ్చు. ‘బ్లెండెడ్ మాల్ట్’ అంటే వేర్వేరు డిస్టిలరీల మాల్ట్‌ల కలయిక, ‘సింగిల్ మాల్ట్’ అని చెప్పి అమ్మితే ఒప్పుకోవద్దు.

ఒకసారి కూర్చున్నప్పుడు మూడు రకాలు మించొద్దు. తేలికవి ముందు, షెర్రీ పీపావి తరవాత, పొగవి ఆఖరున. పొగది ముందు పడితే ఆ సాయంత్రం ఇంకేదీ తెలియదు. 43 శాతంలో 20 మి.లీ. అంటే దాదాపు 7 గ్రాముల ఆల్కహాలు, మూడు రకాలకి 20 గ్రాములు దాటుతుంది. మన చట్టంలో బండి నడపడానికి హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఈ మూడింటికే చాలామందిలో ఆ హద్దు దాటే ప్రమాదముంది. అందుకని కూర్చునే ముందే బండి తాళం తాగనివాళ్ళ చేతికి ఇవ్వాలి. లేదా డిస్టిలరీల్లో నమూనాలు చూసేవాళ్ళలాగా పక్కన గిన్నె పెట్టుకుని, మింగకుండా ఉమ్మేయాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం